వాలు కప్పు కింద చోటు పిల్లలదే

పెంకుటింటి అటకైనా, డూప్లెక్స్ పైన కట్టుకున్న వాలు కప్పు గదైనా, అమెరికాలో కొన్న ఇంటి పైభాగమైనా సరే, పెద్దవాళ్లు తల వంచి తిరిగే చోట పిల్లలు నిటారుగా పరుగెడతారు. అందుకే దాన్ని వాళ్ల పడకగదిగా మార్చాలన్న ఆలోచన మంచిదే. అయితే గోడకు ఏ రంగు వేయాలన్నది చివరి ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మన పాత ఇళ్లలో అటక అంటే సామాను చోటు. ఊరగాయ జాడీలు, బొమ్మల కొలువు పెట్టె, పెళ్లిళ్లకు తీసే ఇత్తడి గుండిగలు, ఏడాదికి సరిపడా చింతపండు, తాతగారి ట్రంకు పెట్టె... రోజూ అక్కర్లేనిదీ, అలాగని పారేయడానికి మనసొప్పనిదీ ఏదైనా నిచ్చెనెక్కి అక్కడికే చేరేది. మనుషులు పడుకునే చోటు కాదది. అయినా వేసవి సెలవులకు వచ్చిన పిల్లలు, పెద్దలు భోంచేసి ఓ కునుకు తీయగానే ఎక్కేది అక్కడికే.

ఆ ఇష్టానికి కారణం కొలతల్లోనే ఉంది. ఆరేళ్ల పిల్ల ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు, అంటే నాలుగు అడుగులకు కాస్త తక్కువ. పదేళ్లకు దాదాపు నాలుగున్నర అడుగులు. పది అడుగుల ఎత్తున్న మామూలు గదిలో స్విచ్చులు, అలమర తలుపులు, అద్దం అన్నీ పెద్దవాళ్ల చేతికి అందేలా ఉంటాయి. వాలు కప్పు గదిలో చూరు వైపు వెళ్లేకొద్దీ కప్పు దిగివస్తుంది. నాలుగైదు అడుగుల ఎత్తున్న ఆ అంచు పెద్దలకు వృథా చోటు. పిల్లలకు మాత్రం ఇల్లు మొత్తంలో తమ ఒంటికి సరిపోయేలా ఉన్న జాగా అదొక్కటే. ఈ గది హాయి అంతా ఆ అంచులోనే ఉంది. దాన్ని కాపాడుకుంటూ ఎండ, వాన, నిప్పు, జారుడు నుంచి పిల్లకు రక్షణ కల్పించడమే అటకగది రూపకల్పన.

ఈ అవకాశం ఇప్పుడు చాలామందికి ఉంది. కోనసీమలో పాత పెంకుటిళ్లను పడగొట్టకుండా బాగుచేయించుకుంటున్నవారున్నారు. హైదరాబాద్ శివార్లలో పెంకులు పరిచిన వాలు కప్పులతో విల్లాలు, ఫామ్‌హౌస్‌లు లేస్తున్నాయి. అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ మీద ఉండే సామాను అటకల సంగతి వేరు. అక్కడ పరుపు వేసి పిల్లల్ని పడుకోబెట్టకూడదు. గాలీ ఉండదు, బయటపడే దారీ ఉండదు.

పనివాళ్ల గది నుంచి పిల్లల గది దాకా

పడమటి దేశాల్లోనూ ఇంటి పైకప్పు కింది గదికి మొదట్లో గౌరవం లేదు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఫ్రాంస్వా మన్సార్ పేరుతో పిలిచే రెండు వాలుల కప్పు పారిస్ అంతటా కనిపిస్తుంది. ఆ కప్పుల కింది ఇరుకు గదులు పందొమ్మిదో శతాబ్దంలో ఇంటి పనిమనుషులవి. లిఫ్టులు లేని కాలంలో అన్ని మెట్లూ ఎక్కాలి, చలికాలంలో గడ్డకట్టాలి, వేసవిలో ఉడకాలి.

ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1905లో ప్రచురించిన ‘ఎ లిటిల్ ప్రిన్సెస్’ నవలలో లండన్ బోర్డింగ్ స్కూలు యజమానురాలు, తండ్రిని పోగొట్టుకున్న సారా క్రూను పంపేది అలాంటి అటక గదికే. ఆ గదిని ఓ రాత్రికి రాత్రి వెచ్చని చోటుగా మార్చేది పక్కింట్లో పనిచేసే రామ్‌దాస్ అనే భారతీయుడు. కప్పు కిటికీలోంచి గుట్టుగా దిగి పొయ్యి వెలిగించి, కంబళి, తివాచీ, పుస్తకాలు, వేడి భోజనం అమర్చి వెళ్తాడు. గోడలు మార్చలేదు, కొలతలు మార్చలేదు. వెచ్చదనం, మెత్తదనం, వెలుతురు, పుస్తకం, ఎవరో తన గురించి ఆలోచించారన్న నమ్మకం... పిల్లల గదికి కావాల్సినవన్నీ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. స్విట్జర్లాండ్ రచయిత్రి యోహానా స్పీరి సృష్టించిన హైడీ అయితే తాతగారి కొండ ఇంట్లో అటక ఎక్కి, ఎండుగడ్డి పరిచిన చోటును తానే పడకగా ఎంచుకుంటుంది.

ఆ చీకటి గదులు నిజంగా నివాసయోగ్యం కావడానికి తోడ్పడినవాటిలో వాలు కప్పులోనే అమర్చే కిటికీ ఒకటి. 1940ల మొదట్లో డెన్మార్క్ ఇంజినీరు విలుమ్ కాన్ రాస్ముసెన్ ఆ కిటికీని మెరుగుపరిచి వెలక్స్ సంస్థ ద్వారా అందరికీ అందుబాటులోకి తెచ్చారు. వెలుతురు, గాలి లోపలికి వచ్చాకే అటకగది ఐరోపాలో పిల్లలకు ఇవ్వదగ్గ గది అయింది.

ముందు కప్పు సంగతి

ఐరోపాలో అటక శత్రువు చలి. మనకు ఎండ. పాత ఇళ్లలో కింది గదులు చల్లగా ఉండటానికి అటకే కారణం. పెంకుల వేడిని అది తాను భరించి, కిందికి రానిచ్చేది కాదు. పెంకుల సందుల్లోంచి, చూరు ఖాళీల్లోంచి వేడి గాలి బయటికి పోయేది. ఇప్పుడు అక్కడే పిల్లను పడుకోబెడుతున్నామంటే ఆ అడ్డును తీసేస్తున్నామన్న మాట. కాబట్టి అటక ఇంతకాలం చేసిన పనిని ఇకపై కప్పు మందంలోనే చేయించాలి.

మామూలు గదిలో శ్లాబు తలకు ఏడెనిమిది అడుగుల పైన ఉంటుంది. వాలు కప్పు కింద పడుకున్న పిల్లకు అది మూడు అడుగుల దూరంలోనే ఉండొచ్చు. కాలిన కప్పు లోపలి ముఖం నుంచి వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా ఆ సెగ ఆగదు. దీనికి మందు పొరలు. పైన పెంకులు, వాటి కింద వాన నీటిని ఆపే షీటు, ఆ తర్వాత నాలుగు అంగుళాల గాలి ఖాళీ, దానికి వేడిని వెనక్కి కొట్టే అల్యూమినియం ఫాయిల్, ఆపైన రాక్‌వూల్ లాంటి ఉష్ణ నిరోధక పొర, లోపలికి కనిపించేలా చెక్క పలకలో జిప్సం బోర్డో. ఖాళీలోని గాలి చూరు దగ్గర ప్రవేశించి, రెండు వాలులు కలిసే నడికొప్పు దగ్గర బయటికి పోయేలా సందులు వదలాలి. వేడి గాలి తనంతట తానే పైకి లేస్తుంది కనుక దానికి దారి చూపిస్తే చాలు. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ నార ఒంటికి తగిలితే దురద పెడుతుంది. అందుకే ఆ పొరను పూర్తిగా మూసేయాలి.

పైన వాలు కప్పే ఉన్నా, కాంక్రీటుదైతే తెల్లని కూల్ రూఫ్ పూత మేలు చేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనుక సూత్రం కూడా ఇదే: ఎండను పీల్చుకునే కప్పు కన్నా తిప్పికొట్టే కప్పు ఇంటిని చల్లగా ఉంచుతుంది. డాబా మీద సిమెంటు రేకులతో వేసిన గదిని మాత్రం పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది. వేడి ఒక్కటే కారణం కాదు. ఆ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటికి రంధ్రాలు వేసినా, కోసినా, విరిగినా రేగే సన్నటి నార ఊపిరితిత్తులకు ప్రమాదం.

డబ్బు ఖర్చు పెట్టేముందు రెండు పరీక్షలు చేయండి. మే నెలలో ఓ థర్మామీటరు అక్కడ వేలాడదీసి మధ్యాహ్నం మూడింటికి, మళ్లీ రాత్రి తొమ్మిదింటికి చూడండి. రెండోదే ముఖ్యం. పిల్ల పడుకునేది అప్పుడే, కాంక్రీటు పగలు తాగిన వేడిని వదిలేదీ అప్పుడే. ఆ తర్వాత మంచి జడివాన రోజున టార్చిలైటు పట్టుకుని మూలమూలా వెతకండి. గోడ, కప్పు కలిసేచోట చెమ్మ కనిపిస్తే ముందు అది సరిచేయాలి. కోతులు తిరిగే ఊళ్లలో పెంకులు కదలడం, పగలడం మామూలే. ఎక్కి చూసుకోవడానికి, మార్చుకోవడానికి వీలుండాలి. చూరు ఖాళీలకు సన్నకన్ను ఇనుప జాలీ బిగిస్తే ఎలుకలు, గబ్బిలాలు, తేళ్లు లోపలికి రావు.

దూలం బరువు మోస్తుందా?

అటక పలకలు జాడీల కోసం వేసినవి. వాటిమీద ఇద్దరు పిల్లలు గెంతితే సంగతేమిటి? భారత ప్రమాణాల ప్రకారం నివాస గది నేల చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోయగలగాలి. దూలాలు టేకువా, తాటివా, ఎంత దూరానికి ఒకటి ఉన్నాయి, చెదపురుగు తిందా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే అనుమానించాల్సిందే. చెదల మందు కొట్టించినా, పాత రంగు గీకించినా ఆ రోజుల్లో పిల్లల్ని అటువైపు రానివ్వకూడదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పొరలను పొడిగా గీకకుండా తడిపి తీయించాలి.

నిచ్చెన చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, అర్ధరాత్రి నిద్రమత్తులో బాత్రూమ్‌కి దిగే పిల్లకు అది తగదు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకుండా, పాదం పెట్టే వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గకుండా సరైన మెట్లే కట్టించాలి. సుడి తిరిగే మెట్లు వద్దు. పిట్టగోడ బదులు కడ్డీలు పెడితే వాటి మధ్య ఖాళీ పది సెంటీమీటర్లు దాటకూడదు. అంతకన్నా ఎక్కువుంటే పసిపిల్లల తల ఇరుక్కుంటుంది. పిల్లల చేతికి అందే ఎత్తులో రెండో చేతికర్ర, ప్రతి మెట్టు పక్కనా చిన్న దీపం పెట్టించండి. ఐదేళ్ల లోపు పిల్లలుంటే మెట్ల పైన గేటు తప్పనిసరి.

కిటికీ: గాలికి, వెలుతురికి, ఆపదలో దారికి

ముక్కోణపు గోడలకు ఎదురెదురుగా రెండు కిటికీలుంటే గాలి ఆడుతుంది. ఒకటే వీలైతే నడికొప్పు దగ్గర వేడి గాలి పోయే వెంటిలేటరు పెట్టించాలి. దోమల జాలీ పిల్లల బరువును ఆపదని ఇంటిల్లిపాదికీ తెలియాలి. కిటికీల్లోంచి పసివాళ్లు పడిపోతున్నారని న్యూయార్క్ నగరం 1976లోనే చట్టం తెచ్చింది. పదేళ్లు, ఆ లోపు పిల్లలున్న అపార్ట్‌మెంట్ల కిటికీలకు యజమానులే రక్షణ కడ్డీలు పెట్టించాలి. మనకు ఊచల అలవాటు ఎలాగూ ఉంది. మన ఇళ్లలోని లోపం దీనికి వ్యతిరేకమైనది. ఊచలు కదలకుండా బిగించేస్తాం. మెట్ల వైపు మంటలు లేస్తే పైనున్నవాళ్లకు వేరే దారి ఉండదు. కనీసం ఒక కిటికీకైనా లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్లు పెట్టించి, దాని తాళంచెవి ఎక్కడుందో పెద్దలందరికీ చెప్పాలి. పొగను పసిగట్టి మోగే అలారం ఒకటి గదిలో, ఒకటి మెట్ల దగ్గర ఉండాలి. విద్యుత్ తీగలు పాతవైతే మార్చించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కిటికీ కింద మంచం, బల్ల, ఎక్కడానికి వీలైన పెట్టె ఏదీ ఉండకూడదు. తాళ్లు వేలాడే తెరలు మెడకు చుట్టుకునే ప్రమాదముంది. మామూలు గుడ్డ తెరలే మేలు.

ఎక్కడ పడక, ఎక్కడ పుస్తకం

గదిని ఎత్తును బట్టి మూడు పట్టీలుగా చూడండి. నడికొప్పు కింద ఆరడుగులు దాటిన నడుమ భాగం నడవడానికి, బట్టలు మార్చుకోవడానికి. ఆరు నుంచి నాలుగడుగుల మధ్య భాగం పడకకు, బల్లకు. నాలుగడుగుల లోపుది ఆటకు, అరలకు.

మంచం పొట్టిగా ఉండాలి. పరుపు నేల నుంచి అడుగు ఎత్తులో ఉంటే, తల వైపు కప్పు నాలుగడుగులకు తగ్గకపోతే పదేళ్ల పిల్ల ఉలిక్కిపడి లేచి కూర్చున్నా నుదురు తగలదు. మంచం దిగే వైపు మాత్రం అమ్మో నాన్నో వచ్చి కూర్చుని కథ చెప్పేటంత ఎత్తు ఉండాలి. రెండంతస్తుల మంచాలకు ఈ గది తగదు. మామూలు గదిలోనైనా ఆరేళ్ల లోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోనివ్వకూడదు. మంచం మీద నిలబడి చేయి చాచిన పదేళ్ల పిల్లకు సుమారు రెండు మీటర్ల ఎత్తు అందుతుంది. కాబట్టి నడికొప్పు బాగా ఎత్తుగా లేకపోతే సీలింగ్ ఫ్యాన్ వద్దు, జాలీ ఉన్న గోడ ఫ్యాన్ పెట్టండి.

వాలు నేలను తాకేదాకా వదలకుండా మూడడుగుల దగ్గర పొట్టి గోడ కట్టిస్తే దాని వెనుక సొరుగులు, అరలు వస్తాయి. చిన్న తలుపులు పెట్టిస్తే లోపల దాక్కోవడం పిల్లలు మానరు. అందుకే ఆ తలుపులకు గడియలు వద్దు. లోపలి నుంచి నెడితే తెరుచుకునే అయస్కాంతపు పట్టీలు చాలు. బట్టలు తగిలించే కర్రను మూడున్నర అడుగుల ఎత్తులో పెడితే తన బట్టలు తానే తీసుకోవడం, తానే తగిలించుకోవడం పిల్లకు అలవాటవుతుంది. కాస్త ఎత్తైన అలమర ఏదున్నా గోడకు ఇనుప పట్టీలతో బిగించాలి. చదువు బల్ల కిటికీ ఉన్న గోడకు పక్కగా వేయాలి. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ నుంచి వెలుతురు రావాలి.

హాయి దేంతో వస్తుంది

గోడకూ వాలుకూ ఒకే లేత రంగు వేస్తే రెండూ కలిసేచోటు కంటికి ఆనదు, గది విశాలంగా కనిపిస్తుంది. ముదురు రంగులు ఇష్టమైతే పొట్టి గోడకు, సొరుగులకు వేసుకోవచ్చు. నడుమ ఒకే పెద్ద ట్యూబ్‌లైటు వాలు గదిలో ఒకవైపు కళ్లు చెదరగొట్టి, ఇంకోవైపు నీడలు పరుస్తుంది. దాని బదులు చదువు బల్ల మీద ఒకటి, పడక పక్కన ఒకటి, పుస్తకాల అర దగ్గర ఒకటి చిన్న దీపాలు పెట్టండి. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగు పడుకునే వేళకు హాయి.

మెత్తదనానికి మన దగ్గర కొరత లేదు. నేల మీద 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా పరిస్తే అడుగుల చప్పుడు కిందికి అంతగా వినిపించదు, మాసితే ఉతుక్కోవచ్చు. అమ్మమ్మ పాత నేత చీరలతో కుట్టిన బొంత మన వాతావరణానికి తగిన దుప్పటి. అరల మీద అంకుడు కర్రతో చేసి లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు, తెల్ల పొణికి కర్రతో చెక్కిన కొండపల్లి బొమ్మలు పెట్టుకోవచ్చు. నడికొప్పు దూలానికి కట్టిన దోమతెర ఈ గదికి మన సొంత అలంకారం. దోమలూ రావు, పిల్లకు గదిలో మరో చిన్న గది దొరుకుతుంది. పాత అటక వాసన పోవడానికి నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్న పిల్లల్లో అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. నాలుగు రోజులు కిటికీలు తెరిచి పెట్టడం, ఎండిన వేపాకు మూట కట్టడం చాలు.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ పాత ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాలకు అటక సిద్ధంగానే ఉంటుంది. నిబంధనలు కూడా సిద్ధంగా ఉంటాయి. రాష్ట్రాన్ని, ఊరిని బట్టి తేడాలున్నా, చాలాచోట్ల ఆధారంగా తీసుకునే నివాస భవనాల కోడ్ ప్రకారం పడకగదికి కనీసం 70 చదరపు అడుగులుండాలి. అందులో సగం భాగంలోనైనా కప్పు ఏడడుగుల ఎత్తుండాలి. ఐదడుగుల లోపు ఎత్తున్న భాగం లెక్కలోకి రాదు. ఆపదలో బయటపడే కిటికీ 5.7 చదరపు అడుగుల మేర తెరుచుకోవాలి, దాని అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. అనుమతి తీసుకోకుండా పని మొదలుపెట్టొద్దు.

కనిపించని ప్రమాదాలు రెండున్నాయి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసపు రంగులు ఉండే అవకాశముంది. పాత అటకల్లో దూలాల మధ్య గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ పరిచి ఉంటే దాన్ని ముట్టుకోకండి. మోంటానాలోని లిబ్బీ గని 1990 దాకా సరఫరా చేసిన ఆ ఖనిజంలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉంది. శిక్షణ ఉన్నవాళ్లతోనే తీయించాలి.

పైన ఒక్కత్తే పడుకోవాలా?

మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనో, నాయనమ్మ పక్కనో పడుకుని పెరుగుతారు. పుట్టినరోజు బహుమతిగా కొత్త గది చూపించి, ఆ రాత్రి నుంచే పైన ఒంటరిగా పడుకోమంటే ఎంత అందమైన గదైనా శిక్షలా అనిపిస్తుంది. మొదట పగటి ఆటలకు ఇవ్వండి. తర్వాత మధ్యాహ్నం నిద్రకు. ఆపైన కొన్నాళ్లు మీరూ పక్కన చాప వేసుకుని పడుకోండి. అక్కాచెల్లెళ్లో అన్నదమ్ములో కలిసి ఉంటే ఇంకా మంచిది. జ్వరం వచ్చిన రాత్రుల్లో పిల్లను కిందికి తెచ్చుకోవాలి. పిలిస్తే మీ గదిలోకి వినిపిస్తుందో లేదో తలుపులు వేసి ఒకసారి పరీక్షించుకోండి.

పదమూడు, పద్నాలుగేళ్లకు ఆ పొట్టి అంచు వాళ్లకూ తల తగులుతుంది. అందుకే పొట్టి గోడ, మెట్లు, కిటికీ శాశ్వతంగా కట్టించి, మంచం, బల్ల, అరలు విప్పి మార్చుకునేలా చేయించుకోండి. డబ్బు సరిపోకపోతే కారు ఆకారపు మంచాన్ని, గోడ మీది బొమ్మలను, మెరిసే దీపాల దండలను వదిలేయండి. కప్పు పొరల్లో, మెట్లలో, తెరుచుకునే గ్రిల్లులో మాత్రం ఒక్క రూపాయి తగ్గించకండి. మేస్త్రి కొలతలకు వచ్చిన రోజున పిల్లనూ పైకి తీసుకెళ్లండి. ఎక్కడ కూర్చుని బొమ్మలు గీస్తుందో, చేయి చాపితే ఏది అందాలో, పడుకుంటే ఏం కనిపించాలో తననే చూపించమనండి. టేపు అక్కడ పెట్టి, ఆ కొలతలే మేస్త్రికి రాసివ్వండి.